లక్క ప్లేటు కోసం కలకత్తా దాకా

ప్రయాణానికి బయలుదేరేటప్పుడు మా ఆవిడ నా చేతిలో మూడు వేల రూపాయలు పెట్టి, "కలకత్తాలో మీకు ఇష్టమైనవి కొనుక్కోండి. కాని ఇంట్లో పెట్టడానికి చోటు లేనివేవీ తేకండి" అన్నది. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఇంట్లో మంచం కిందా, బీరువా పక్కనా, ఆఖరికి పూజగది అటక మీదా ఉన్నవన్నీ పాత గ్రామఫోను రికార్డులే. నేను మళ్ళీ తెచ్చేవీ అవే.

ఈమధ్య రికార్డులు మళ్ళీ ఫాషన్ అయినాయి. కుర్రవాళ్ళు కూడా కొంటున్నారు. సంతోషించవలసిన విషయమే. కాని కొత్తగా అచ్చయిన ఎల్.పి. రికార్డు కొనాలంటే వేలలో మాట. పింఛను మీద బతికే నాబోటివాడికి పాతవే గతి. పాతవైనా చవగ్గా దొరికే చోటు తెలిసి ఉండాలి. నాకు తెలిసిన అటువంటి చోట్లలో నాకు బాగా నచ్చినది కలకత్తాలోని ఫ్రీస్కూలు వీధి. 2001 నుంచి ఆ ఊరిని కోల్‌కతా అనే రాస్తున్నారు గాని, మా తరం నోటికి ఇంకా కలకత్తాయే వస్తుంది. మన్నించాలి.

2024 డిసెంబరులో ఖర్గపూరులో ఉన్న మా అక్కయ్యను చూడడానికి వెళ్ళాను. విశాఖపట్నంలో హౌరా మెయిలు ఎక్కితే ఖర్గపూరులో దింపుతుంది. రైలు దిగగానే "ఏమండోయ్" అని తెలుగులో పిలుపు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచి మనవాళ్ళు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. మా బావగారు కూడా ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరుగా చేసి రిటైరైనారు.

అక్కయ్యను చూడడం ఒక్కటే నా పని కాదు. ఆమెకు నేను ఒక ప్లేటు బాకీ ఉన్నాను. ఆ బాకీ వయస్సు అరవైరెండేళ్ళు.

ఆ సంగతి ముందు చెప్పాలి. మా నాన్నగారు వాల్తేరులో రైల్వే గుమాస్తా. ఇంట్లో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ఉండేది. అందులో వేసుకునే ప్లేట్లు పది పన్నెండు ఉండేవి. వాటిలో ఒక సినిమా పాట ప్లేటంటే నాన్నగారికి ప్రాణం. ఘంటసాల గారి పాట. ఏ పాటో మాత్రం చెప్పను. చెబితే మీరు చదవడం మాని పాడడం మొదలుపెడతారు. పాట కొంచెం పెద్దది. పది అంగుళాల ప్లేటు ఒకవైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. అందుచేత పాటను రెండు ముక్కలు చేసి, సగం ఒకవైపూ, సగం రెండోవైపూ ఎక్కించారు. మొదటి సగం కాగానే నాన్నగారు ముల్లు ఎత్తి, ప్లేటు తిరగేసి, మళ్ళీ ముల్లు దించేవారు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

1962లో నాకు ఎనిమిదేళ్ళు. ఒక మధ్యాహ్నం కుర్చీలో ప్లేటు ఉన్నదని చూడకుండా దాని మీద కూర్చున్నాను. ఫట్టుమన్నది. మూడు ముక్కలు. అక్కయ్యకు అప్పుడు పన్నెండేళ్ళు. నా ముఖం చూసి, "నువ్వు వెళ్ళి ఆడుకో" అన్నది. సాయంత్రం నాన్నగారు వచ్చి అడిగితే, తుడుస్తుంటే చెయ్యి జారిందని తానే చెప్పింది. చెంపదెబ్బ తిన్నది. నేను తలుపు చాటున నిలబడి చూశాను. ఆనాడూ చెప్పలేదు, ఆ తరువాతా చెప్పలేదు. నాన్నగారు పోయారు. చెప్పవలసిన మనిషి లేకుండా పోయాడు.

అక్కయ్య పెళ్ళికి సారెతోపాటు ఆ గ్రామఫోను కూడా ఖర్గపూరు వెళ్ళింది. దాన్ని బావగారు నేటికీ నూనె వేసి, స్ప్రింగు చూసి, రైలింజనును చూసుకున్నట్లు చూసుకుంటున్నారు. ప్లేట్లు మాత్రం ఒకటొకటిగా అరిగిపోయినాయి.

మర్నాడు పొద్దున్నే లోకల్ ఎక్కాను. హౌరా చేరేసరికి పదిన్నర దాటింది. అక్కడి నుంచి వెనకటివలె వంతెన మీద ట్రామూ బస్సూ వెతుక్కోనక్కరలేదు. 2024 మార్చి నుంచి హుగ్లీ నది కింద సొరంగంలో మెట్రో నడుస్తున్నది. గంగమ్మ తల్లి నెత్తిమీద ఉండగా మనం కింది నుంచి పోవడం కాస్త బెరుకుగానే ఉన్నా, నిమిషాలలో ఎస్ప్లనేడులో తేల్చింది. అక్కడి నుంచి లిండ్సే వీధిలోకి నడిచి, 1874లో తెరిచిన న్యూమార్కెట్టు ఎర్ర గడియార స్తంభాన్ని చూసుకుంటూ ముందుకు వెళితే ఫ్రీస్కూలు వీధి వస్తుంది. దాని కొత్త పేరు మీర్జా గాలిబ్ వీధి. ఆ మహాకవి కలకత్తాలో కొంతకాలం ఉన్నాడు. ఆంగ్ల నవలాకారుడు థాకరే 1811లో పుట్టింది కూడా ఈ వీధిలోనే, ఇప్పుడు ఆర్మీనియన్ కాలేజీ ఉన్నచోట. ఇంతమంది సాహిత్యవేత్తల నీడ పడిన వీధిలో నేను వెతుకుతున్నది ఒక సినిమా పాట!

ఈ వీధిలో రికార్డుల దుకాణాలు ఒకప్పుడు బారులు తీరి ఉండేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పదకొండు దాటితే గాని తలుపులు తియ్యరు. తొందరపడి ముందే వెళితే పక్క కొట్లో టీ తాగుతూ కూర్చోవాలి. మట్టి ముంతలో టీ బాగానే ఉంటుంది, నష్టమేమీ లేదు.

మొదటి దుకాణం వీధి మీదికే ఉన్నది. గోడ నిండా ఇంగ్లీషు పాటల ఎల్.పి.లు, అట్టల మీద జుట్టు పెంచిన గాయకుల బొమ్మలు. పొరుగు దేశాల నుంచి వచ్చినవారు వాటి ఎదుట నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. గోడ మీద ఉన్న రికార్డు ధర అడగకండి. అది గోడ ధర. చవకవి ఎప్పుడూ కింద ఉంటాయి, నేలమీద అట్టపెట్టెలలో. వంగగలిగిన నడుము ఉన్నవాడికే అవి దక్కుతాయి. నేను వంగాను. రెండు చిన్న రికార్డులు, ఒక హిందీ ఎల్.పి. దొరికినాయి. మొత్తం ఏడువందలు. చిన్నవంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడు అంగుళాల ఇ.పి.లు. వైపుకు రెండేసి పాటలు. ఎల్.పి.ల మీద పడే జనం వీటి మీద పడరు. అందుచేత కొద్ది డబ్బుతో ఎక్కువ పాటలు కావలసినవారు మొదట ఇవి చూడాలి. అట్ట పోయిన ఎల్.పి. కూడా మంచి బేరమే. మనం వినేది రికార్డునే గాని అట్టను కాదు గదా.

పాత రికార్డు కొనేవాడు జేబులో మెత్తటి గుడ్డ, చిన్న టార్చి పెట్టుకుపోవాలి. రికార్డును వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే గీతలన్నీ తేలుతాయి. గోటితో తగిలే గీత చెవికీ తగులుతుంది. కంటికి మాత్రమే కనబడే సన్నని గీతలకు భయపడనక్కరలేదు. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద గజిబిజిగా జీరలుంటే, ఆ రికార్డును చాలాసార్లు మోగించారన్నమాట. కళ్ళ ఎత్తున అంచు పట్టి చూస్తే వంకర ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కావలసినది కనబడినప్పుడు ముఖం మార్చకూడదు. ఈ చివరి సూత్రాన్ని నేనే తప్పాను. ఎలాగో చెబుతాను.

రెండో దుకాణం ఒక సందులో ఉన్నది. దుకాణం అనడం కన్నా రికార్డుల మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ అంటే సరిపోతుంది. ఆ ఖాళీలో తెల్లగడ్డం ముసలాయన ఒకరు కూర్చుని ఉన్నారు. నా రైల్వే హిందీ విని, "ఎక్కడి నుంచి వచ్చారు, దాదా?" అని అడిగారు. విశాఖపట్నం అన్నాను. ఆయన మాటాడకుండా మూల ఉన్న దొంతర వైపు చెయ్యి చూపించారు. బల్ల కింద, గోడకు ఆనించి, దుమ్ము పట్టిన లక్క ప్లేట్ల దొంతర. "మద్రాసు మాల్. ఒక్కొక్కటి వంద. ఇక్కడ చదివేవాడు లేడు" అన్నారు.

ఆ మాటతో నాకు ఒక సత్యం బోధపడింది. రికార్డు ధర దాని వయస్సునుబట్టీ, గాయకుడి గొప్పనుబట్టీ మాత్రమే ఉండదు. ఆ ఊళ్ళో దాన్ని కోరేవాడు ఎవడన్నదానిని బట్టి ఉంటుంది. రవీంద్ర సంగీతం ప్లేటు కలకత్తాలో బంగారం. అదే మన ఊళ్ళో పాత సామాన్ల కొట్టులో పడి ఉంటుంది. మన పాటలు ఇక్కడ బల్ల కింద ఉన్నాయి. కాబట్టి డబ్బు తక్కువగా ఉన్న సేకర్తకు నేను చెప్పే సలహా ఒకటే. మీ భాష పాటలను పరాయి ఊళ్ళో వెతకండి. అక్కడ వాటిని చదవగలిగినవారు మీరొక్కరే అవుతారు.

మన పాటలు కలకత్తాకు ఎలా వచ్చినాయని మీరడగవచ్చు. నిజానికి అవి వచ్చినవి కావు, అక్కడే పుట్టినవి. మన దేశంలో మొదటి రికార్డింగులలో పేరుపొందినవి 1902లో కలకత్తాలో జరిగినాయి. గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన వచ్చి గౌహర్ జాన్ పాటలు పట్టుకున్నాడు. అచ్చువేసే సదుపాయం ఇక్కడ లేక వాటిని జర్మనీలో హానోవరుకు పంపారు. అక్కడివారికి ఎవరు పాడారో తెలియాలని పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పేదట ఆ గాయని. 1908 నుంచి కలకత్తాలోని సియాల్దాలోనే అచ్చువేయడం సాగింది. తరువాత కర్మాగారం డమ్‌డమ్‌కు మారింది. మద్రాసులో పాడిన పాట డమ్‌డమ్‌లో ప్లేటుగా అచ్చయి, రైలెక్కి మన ఊళ్ళకు వచ్చేది. ఇప్పుడక్కడ ప్లేట్లు అచ్చువేయడం లేదు.

ప్లేటుకు కావలసిన లక్క కూడా ఆ ప్రాంతానిదే. చోటానాగపూర్ అడవులలో చెట్ల కొమ్మలకు పట్టే లక్కపురుగు ఇచ్చే లక్కకు రాతిపొడి, నల్లరంగు కలిపి వేడిమీద అచ్చువేస్తారు. మన ఆడవాళ్ళు వేసుకునే లక్కగాజులూ, నాన్నగారి ప్లేటూ ఒక పురుగు పెట్టిన భిక్షే. అందుకే రెండూ కిందపడితే ఒకే రకంగా పగులుతాయి. ఎల్.పి.లు ప్లాస్టిక్ జాతివి గనుక పగలవు, గీతలు పడతాయి.

దొంతర ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్క ప్లేటూ గుడ్డతో తుడిచి లేబుల్ చదువుతున్నాను. అరవం, కన్నడం, మధ్య మధ్య తెలుగు. హరికథ ఒకటి, నాటకం పద్యాలు రెండు, పాత సినిమా పాట ఒకటి పక్కన పెట్టాను. నాలుగువందలు. అప్పుడు ముసలాయన నా ఆసక్తి చూసి, పై అర మీద నుంచి ఒక ఎల్.పి. దించారు. ఎమ్.ఎస్. సుబ్బులక్ష్మి గారు తిరుమల తిరుపతి దేవస్థానం వారి కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల. ఐదు ఎల్.పి.ల వరుసలో నా దగ్గర నాలుగు ఉన్నాయి. ఇది ఐదోది! కాళీఘాట్ దగ్గర లేక్‌మార్కెట్టులో దక్షిణాదివారు చాలాకాలంగా ఉంటున్నారు. అటువంటి ఒక ఇంటి నుంచి వచ్చిందట. అట్ట నలగలేదు, రికార్డు మీద గీత లేదు. పన్నెండువందలు అన్నారు. న్యాయమైన ధరే. ముఖం మార్చకుండా, "చూద్దాం" అన్నాను. అంతవరకు బాగానే నడిచింది.

దొంతరలో చివరి నుంచి మూడో ప్లేటు తీసి తుడిచాను. పాట పేరు. కింద ఘంటసాల పేరు. తిరగేశాను. అదే పాట, రెండో సగం.

"అక్కయ్యా!" అని గట్టిగా అరిచాను.

ముసలాయనకు తెలుగు రాదు గాని వ్యాపారం వచ్చు. ఆ అరుపు ఏ భాషలోనైనా ఒక్కటే. "అది పదిహేనువందలు" అన్నారు ప్రశాంతంగా.

"మిగతావన్నీ వందే అన్నారే!"

"మిగతావాటికి మీరు అరవలేదు."

ఇక దాచి లాభం లేదని కథంతా చెప్పాను. కుర్చీ, మూడు ముక్కలు, చెంపదెబ్బ. వచ్చిన హిందీలో చెప్పాను, రానిచోట చేతులతో చెప్పాను. ఆయన విని ప్లేటు అందుకుని, మధ్యరంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, అంచును గోటితో మీటారు. మంచి లక్క ప్లేటైతే ఖణీమంటుంది. ఇది కొంచెం బొంగురుగా పలికింది. "జీర ఉంది. అంచు నుంచి లోపలికి రెండు వేళ్ళంత. నేను చెప్పకపోతే ఇంటికి వెళ్ళి నన్ను తిట్టుకుంటారు" అని, తన కరెంటు ప్లేయరు మీద పెట్టారు. లక్క ప్లేటు గాడి ఎల్.పి. గాడి కన్నా వెడల్పు. అందుకు వేరే ముల్లు ఉండాలి. ఆయన ప్లేయరులో ముల్లును అటు నుంచి ఇటు తిప్పితే రెండోరకం వస్తుంది. పాట మొదలైంది. చుట్టుకొక్కసారి టక్కుమంటున్నది. కొంతసేపటికి జీర దాటింది, టక్కు ఆగింది. ఘంటసాల గారి గొంతు ఒక్కటే మిగిలింది.

"తొమ్మిదివందలు ఇవ్వండి" అన్నారాయన.

లెక్క చూసుకున్నాను. మూడు వేలలో దారి ఖర్చులకు మూడువందలు, మొదటి దుకాణంలో ఏడువందలు, ఈ నాలుగు ప్లేట్లకు నాలుగువందలు పోగా పదహారువందలు ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి రెండువందలు తీసి పక్కన పెడితే పద్నాలుగువందలు. అక్కయ్య గ్రామఫోనుకు ఉక్కు ముళ్ళు కావాలి. ప్లేటుకొక కొత్త ముల్లు వేయకపోతే గాడి అరిగిపోతుంది. పాత ముళ్ళ డబ్బా ఒకటి మూడువందలన్నారు. ప్లేటూ ముళ్ళూ కలిపి పన్నెండువందలు. ఎల్.పి. కూడా పన్నెండువందలే. ఏదో ఒకటే.

ఎల్.పి.ని చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాను. నాలుగేళ్ళుగా వెతుకుతున్నాను. అక్కయ్యకు నేను ప్లేటు తెస్తానని తెలియదు. తేకపోయినా అడగదు. ఆనాడు కూడా ఏమీ అడగలేదు. ఆ మాట తట్టగానే ఎల్.పి.ని అర మీద తిరిగి పెట్టేశాను. నా పంచరత్నమాల నాలుగు రత్నాల దగ్గరే ఆగిపోయింది.

ముసలాయన ప్లేటును రెండు అట్టల మధ్య పెట్టి, పాత గుడ్డ చుట్టి, పురికొసతో కట్టి ఇచ్చారు. "లక్క ప్లేటును స్పిరిటుతో తుడవకండి, కరిగిపోతుంది. ఎండలో పెట్టకండి. నిలబెట్టి ఉంచండి" అన్నారు. తరువాత కాస్త ఆగి, "కుర్చీలో మాత్రం పెట్టకండి" అన్నారు.

లోకల్‌లో దాన్ని ఒడిలో పెట్టుకుని ఖర్గపూరు దాకా కదలకుండా కూర్చున్నాను. ఎదుటి సీటావిడ నా వాలకం చూసి, అది పటం కాబోలనుకుని, ఏ దేవుడిదని అడిగింది.

రాత్రి భోజనాలయిన తరువాత బావగారు గ్రామఫోను తీసి కీ ఇచ్చారు. అక్కయ్యకు ఏమీ చెప్పకుండా ప్లేటు పెట్టాను. టక్కు టక్కుమంటూ మొదలైంది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. అక్కయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. మొదటి సగం అయింది. నేను ముల్లు ఎత్తి ప్లేటు తిరగేస్తున్నాను. అందరం ఊరుకున్నాము.

అప్పుడు బావగారు, "అదా సంగతి! యాభైనాలుగేళ్ళుగా మీ అక్కయ్య ఈ పాట పాడుతూ సగంలో ఆగుతుంది. ఊపిరి అందక ఆగుతున్నదనుకున్నాను" అన్నారు.

పాటంతా అయినాక నేను చెప్పవలసినది చెప్పబోయాను. "ఆనాడు నాన్నతో..." అన్నానో లేదో, అక్కయ్య నవ్వింది.

"నాన్నకు తెలుసురా, తమ్ముడూ. నీ నిక్కరుకు నల్లటి పెంకు గుచ్చుకుని ఉంటే ఆ రాత్రే చూశారు. మర్నాడు నన్ను పిలిచి, 'పొరపాటున కొట్టానమ్మా' అని పావలా ఇచ్చారు. తెలిసినట్లు నీతో చెప్పవద్దన్నారు. వాడంతట వాడే వచ్చి చెబుతాడు, చూద్దాం అన్నారు."

"ఎన్నాళ్ళు చూశారు?"

"ఎన్నాళ్ళేమిటి? నీ పెళ్ళినాడు కూడా నన్ను అడిగారు, వాడేమైనా చెప్పాడా అని."

నేను ముళ్ళ డబ్బా మూత తీస్తూ, వేస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి అక్కయ్య వచ్చి నా పక్కన కూర్చుని, "రెండో వైపు మళ్ళీ పెట్టరా" అన్నది.

కొత్త ముల్లు వేసి పెట్టాను.